ఎర్రన్న నాలుగో ఈల

ఆ రోజు నేను నిద్రపోలేదు. ఈ మాట అప్పట్లో చాలామందికి చెప్పాను. నమ్మినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ నేనే.

రెండువేల నాలుగు ప్రాంతం. గాజువాక అవతల, ఇనుప ప్లేట్లు కోసి అతికించి పెద్ద పెద్ద ట్యాంకులు తయారుచేసే ఒక షెడ్డులో నేను క్రేన్ ఆపరేటర్ని. క్రేన్ అంటే రోడ్డు మీద కనిపించే లారీ క్రేన్ కాదు. షెడ్డు కప్పు కింద, రెండు గోడల మీదున్న పట్టాల మీద ఒక ఇనుప వంతెన నడుస్తుంది. ఆ వంతెనకు ఒక గాజు గది వేలాడుతుంది. అందులో నేను. ఎక్కడానికీ దిగడానికీ ఒకటే నిచ్చెన. ఎండాకాలం ఆ గదిలో కూర్చుంటే మనిషికి అప్పడం కష్టం అర్థమవుతుంది. నేను బీయస్సీ ఫిజిక్సు. కాలేజీలో మూడేళ్ళు లోలకం గురించి చదివి, ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు అయిదు టన్నుల లోలకాన్ని ఊగకుండా ఆపుతూ బతికాను. చదువుకు ఇంత దగ్గరి ఉద్యోగం మా బ్యాచిలో ఇంకెవరికీ దొరకలేదు.

పైనుంచి చూస్తే కింది మనిషి నెత్తి మీద హెల్మెట్ తప్ప ఏమీ కనిపించదు. అందుకని కింద ఒక ఖలాసీ ఉంటాడు. బరువుకు తాళ్ళు కట్టేదీ, ఈల వేసి క్రేన్‌ని నడిపించేదీ ఆయనే. ఒక ఈల వేస్తే ఆపాలి. రెండు వేస్తే ఎత్తాలి. మూడు వేస్తే దించాలి. ఈ మూడూ గోడ మీది బోర్డులో రాసి ఉండేవి. ఆపరేటరు తన ఖలాసీ ఈలకు తప్ప దేవుడు పిలిచినా పలకకూడదని మా షెడ్డు నియమం.

నా ఖలాసీ ఎర్రన్న. భీమిలి వైపు సముద్రం ఒడ్డు మనిషి. ఇరవై ఏళ్ళొచ్చేదాకా చేపల వేటకెళ్ళి, తర్వాత ఇనుములోకి వచ్చాడు. మాది తణుకు దగ్గర. ఏ లెక్కన చూసినా మాకు చుట్టరికం కలవదు. అయినా మొదటి రోజు నుంచీ నన్ను బావా అనే పిలిచాడు. ఇక్కడ అంతే, కారణం అడగకూడదు.

ఆ రోజు ప్లేటు ఒకటి గాలిలో ఉంది. ఎర్రన్న ఒక ఈల వేశాడు. ఆపాను. నాకు గుర్తున్నంతవరకూ వెంటనే ఆపాను. కానీ కింద ఎర్రన్న హెల్మెట్ దొర్లుకుంటూ పోతోంది, ఎర్రన్న నేల మీద కూర్చుని ఉన్నాడు, ప్లేటు అంచు అతను నిలబడ్డ చోటు దాటి ఒక మూర ముందుకెళ్ళి ఊగుతోంది. మధ్యలో ఏం జరిగిందో నా దగ్గర లేదు. సినిమా రీలులో ఒక ముక్క కోసి అతికించినట్టుంది.

ఫోర్‌మన్ రంగారావు గారు పరిగెత్తుకొచ్చారు. ఎర్రన్న లేచి, లుంగీ దులుపుకున్నట్టు ప్యాంటు దులుపుకుని, "బ్రేకు జారీసినాది సార్, పాత బ్రేకు కదా" అన్నాడు. మెకానిక్ పూట పూటంతా బ్రేకు విప్పి చూశాడు. మా షెడ్డులో అంత ఆరోగ్యంగా ఉన్న వస్తువు ఇంకోటి లేదని తేలింది.

ఇంటికొచ్చి నాకు నేను ఒక రిపోర్టు రాసుకున్నాను, మనసులోనే. పొద్దున్న లేస్తే తలనొప్పి. నోరు ఇసుక తిన్నట్టు ఎండిపోతుంది. నిద్రలో మూడు నాలుగుసార్లు బాత్రూముకు లేస్తాను. నిన్న ఎన్‌ఏడీ జంక్షన్‌లో ఎర్ర లైటు దగ్గర స్కూటరు ఆపి, వెనక ఆటోవాడు తిట్టిన తిట్టుకు కళ్ళు తెరిచాను. షిఫ్టు బస్సులో సీటు తగలగానే నిద్ర. అయితే షిఫ్టు బస్సులో అందరూ నిద్రపోతారు. మెలకువగా ఉన్నవాణ్ణే అనుమానంగా చూస్తారు. అందుకే ఆ జబ్బు అన్నేళ్ళు మా మధ్య టిక్కెట్టు లేకుండా తిరిగింది.

గురక సంగతి వేరే చెప్పాలి. మా ఆవిడ సుభద్ర నిందాస్తుతిలో మంచి చెయ్యి. "మీ గురక బాధ లేదండీ, అలవాటైపోయింది. ఆగినప్పుడే భయం. ఆగిపోతుంది. ఎంతసేపటికీ మళ్ళీ రాదు. డొక్కలో పొడుస్తాను. అప్పుడు మునిగినవాడు పైకి లేచినట్టు లేస్తారు" అంది.

"ఎన్నాళ్ళ నుంచి పొడుస్తున్నావు?"

"రెండో పిల్ల పుట్టినప్పటి నుంచీ."

రెండో పిల్ల అప్పటికి తొమ్మిదో తరగతి.

మొదట చూసిన డాక్టరు బీపీ ఎక్కువుందని మాత్రలిచ్చి, "గురక అందరికీ ఉంటుందండీ, బరువు తగ్గండి" అన్నారు. రెండో ఆయన థైరాయిడ్ పరీక్ష రాశారు. నార్మల్. మూడో ఆయన కళ్ళద్దాలు మార్చారు. దాంతో నిద్ర ఇంకొంచెం స్పష్టంగా వచ్చింది. ఇలా నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలలూ నేను నిచ్చెన ఎక్కుతూనే ఉన్నాను. ప్రతి ఎక్కుడుకీ ఒకటే ఆలోచన. మళ్ళీ ఆ రీలు ముక్క తెగితే, కింద ఎర్రన్న ఉంటాడు. ఎవరికైనా చెబితే కిందకు దింపేస్తారు. దిగితే నాకు వచ్చిన పని ఇంకోటి లేదు. చెప్పకపోతే ప్లేటు దిగుతుంది. గాజు గదిలో కూర్చుని అటూ ఇటూ చూసేవాణ్ణి. నిచ్చెన ఒకటే ఉంది, రెండు వైపులకీ అదే.

చివరికి సుభద్ర పట్టుబట్టి ఛాతీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. స్కూటరు నడపనివ్వలేదు. నైటు షిఫ్టు దిగొచ్చిన ఎర్రన్నే మమ్మల్ని ఆటోలో తీసుకొచ్చి బయట బల్ల మీద కూర్చున్నాడు. డాక్టరు గారు యాభై ఏళ్ళావిడ. నా జోకులకు నవ్వని మొదటి మనిషి. మెడ చుట్టూ టేపు పెట్టి కొలిచారు. "షర్టు కుట్టిస్తారా డాక్టర్?" అన్నాను. "నోరు తెరవండి" అన్నారు. గొంతులోకి టార్చి వేసి, "దారి ఇరుకు" అన్నారు. సుభద్ర చెప్పిందంతా రాసుకున్నారు. తర్వాత నన్నడిగారు.

"పనిలో నిద్రపోతారా?"

"లేదండీ."

"మీతో పనిచేసేవాళ్ళెవరైనా వచ్చారా?"

ఎర్రన్నను లోపలికి పిలిచారు. అతను చెప్పులు బయట విడిచి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇదే ప్రశ్న అతన్నీ అడిగారు. ఎర్రన్న నా వైపు చూశాడు. మెకానిక్ బ్రేకును చూసినట్టు నేను నేలను పరీక్షగా చూశాను.

"తొంగుంటాడమ్మా" అన్నాడు. "షిఫ్టుకి నాలుగైదు పాలి. కూకునే తొంగుంటాడు. కళ్ళు తెరిసే ఉంటాయి, మనిషుండడు. నాను ఈలేసి లేపుతాను."

"ఏ ఈల?" అన్నాను నేను.

రెండు పొట్టివి, ఒకటి పొడుగు అన్నాడు. ఏడాదిగా అతను అప్పుడప్పుడూ వేస్తున్న ఈల అది. బోర్డు మీద లేదు. సముద్రం మనిషి, ఏదో పాట వచ్చి ఉంటుందిలే అనుకున్నాను. ఆ ఈల వినగానే నా చెయ్యి లీవరు మీదికి వెళ్ళేది. ఎందుకు వెళ్ళేదో ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"సెప్తే నిన్ను కిందకి దింపీరా బావా?"

"తెలిసి తెలిసి నువ్వు కింద నిలబడ్డావేం మరి? వేరే క్రేన్‌కి మార్చుకోవచ్చుగా?"

"ఇంకోడొచ్చి నిలబడితే, ఆడికి నిన్ను లేపడం తెలదు కదా" అన్నాడు, ఇంత తెలివితక్కువ ప్రశ్న ఏమిటన్నట్టు.

ఇంట్లో ఒకరు డొక్కలో పొడిచి, పనిలో ఒకరు ఈల వేసి, ఇద్దరూ కలిసి నా జబ్బు కబురును నా దగ్గరకు రానివ్వలేదు. వాళ్ళు చేసింది ప్రేమే. ఆ ప్రేమ వల్ల ఏడాదిపాటు ఒక మనిషి నెత్తి మీద అయిదు టన్నులు వేలాడాయి.

డాక్టరు గారు ఎర్రన్నతో, "మీరు చేసింది చాలా మంచి పనీ, చాలా తప్పు పనీ" అన్నారు. నాతో, "ఇవాళ్టి నుంచి క్రేన్ లేదు, స్కూటరు లేదు. స్లీప్ స్టడీ చెయ్యాలి. మీ ఒళ్ళు ఈ వారం నైటు షిఫ్టులో ఉంది కాబట్టి పగలే చేద్దాం. ఆదివారం రండి" అన్నారు.

ఆదివారానికి కారణం ఉంది. ఆవిడ ఒక చిన్న పరిశోధన చేస్తున్నారు. గుండె ఆపరేషన్లప్పుడు మెదడుకు ఆక్సిజన్ అందుతోందో లేదో చూడటానికి ఒక యంత్రం వాడతారట. ఆదివారం థియేటరుకు సెలవు కాబట్టి, ఆ యంత్రాన్ని అడిగి తెచ్చుకుని, నిద్రలో ఊపిరి ఆగేవాళ్ళ నుదుటికి పెట్టి చూస్తున్నారు. మీకిష్టమైతేనే అని కాగితం ముందు పెట్టారు. "దీన్ని బట్టి నేను జబ్బు నిర్ణయించను, మందు ఇవ్వను. అందుకు మిగతా వైర్లున్నాయి. ఇది నేను తెలుసుకోవడానికి" అన్నారు. అంత నిజం చెప్పిన డాక్టరుకు సంతకం పెట్టకపోతే ఎలా?

నెత్తికి వైర్లు, కళ్ళ పక్కన వైర్లు, గడ్డానికి వైర్లు, ఛాతీకొక బెల్టు, పొట్టకొక బెల్టు, ముక్కు కింద గొట్టం, వేలికి క్లిప్పు. చివరగా నుదుటికి రెండు మెత్తటి పట్టీలు. వాటిలోంచి ఎర్రటి వెలుగు. కొంత కనిపించేది, కొంత కంటికి కనిపించనిది. చిన్నప్పుడు టార్చి మీద వేలు పెడితే వేలు ఎర్రగా వెలిగేది కదా, సూత్రం అదే. ఆ వెలుగు చర్మం దాటి, పుర్రె దాటి, మెదడు పైపొరల్ని తడిమి, కొంచెం వెనక్కి వస్తుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం ఒక రంగుని ఎక్కువ మింగుతుంది, లేని రక్తం ఇంకో రంగుని. తిరిగొచ్చినదాన్ని బట్టి లోపల ఎంత ఆక్సిజన్ ఉందో యంత్రం లెక్క వేస్తుంది. ఎముకలోంచి వెలుగు దూరుతుందని నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. నా తల విషయంలో ఏదీ లోపలికి పోదని మాత్రం మా లెక్చరర్ గట్టిగా చెప్పేవారు.

తలుపు వేశారు. కిటికీకి నల్ల తెర. పక్కకు తిరగాలంటే వైరు లాగుతుంది. బాత్రూముకెళ్ళాలంటే గోడతో చెప్పుకోవాలి, గోడలో మైకుంది. క్రేన్ గదికి కనీసం గాజు గోడలున్నాయి, ఇక్కడ అవీ లేవు. ఇలా కట్టేస్తే ఎవడికైనా నిద్రపడుతుందా అని మైకుతో వాదన మొదలుపెట్టాను. వాదన మధ్యలో నిద్రపోయానని తర్వాత చెప్పారు.

సాయంత్రం డాక్టరు గారు తెర మీద ఒక ముక్క చూపించారు. పూర్తి రిపోర్టుకు వారం పడుతుంది, ఇది రుచికి మాత్రమే. సుభద్ర, ఎర్రన్న, నేను ముగ్గురం నిలబడి చూశాం. ఒకదాని కింద ఒకటి గీతలు. ఛాతీ బెల్టు కదులుతోంది, అంటే ఊపిరి కోసం పెనుగులాట జరుగుతోంది. ముక్కు దగ్గరి గీత చదునుగా ఉంది, అంటే గాలి లేదు.

"ఇక్కడ ఆగింది" అని డాక్టరు గారు పెన్ను పెట్టారు.

ఎవరూ చెప్పకుండానే ఎర్రన్న బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టాడు. వేటలో చిక్కిన వలలు విడదీయడానికి నీళ్ళలోకి దూకిన మనిషి. పెన్ను నెమ్మదిగా కుడి వైపుకు జరిగింది. నుదుటి గీత మొదట కొంచెం పైకి లేచింది. "మెదడు తన కోసం రక్తం ఎక్కువ లాక్కుంటోంది" అన్నారామె. పెన్ను ఇంకా జరిగింది. గీత దిగడం మొదలైంది. "ఇక అదీ చాలడం లేదు." ఎర్రన్న మొహం ఎర్రబడింది. వేలి క్లిప్పు చూపే ఆక్సిజన్ గీత ఇంకా బాగానే ఉంది. "చూడండి, వేలికి ఈ కబురు ఇంకా అందలేదు." పెన్ను జరిగింది. ఎర్రన్న హా అని ఊపిరి వదిలేశాడు.

"ఇంకా రాడేటమ్మా పైకి?"

ఇంకా రాలేదు. పెన్ను ఇంకొంత దూరం వెళ్ళాక అన్ని గీతలూ ఒక్కసారి ఎగిరిపడ్డాయి. అదే నేను పైకి తేలడం. ఆ తర్వాత నాలుగు ఊపిరులు. మళ్ళీ ముక్కు దగ్గర చదును.

"ఇలా నిమిషానికి ఒకటి, కొంచెం అటూ ఇటూగా. ఆగిన ప్రతిసారీ మెదడే మిమ్మల్ని లేపుతోంది. మీకు గుర్తుండదు. పగలు మీరు కళ్ళు తెరిచి నిద్రపోవడంలో వింతేముంది? దీన్ని అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ యాప్నియా అంటారు. మీది సివియర్."

సుభద్ర నా వైపు చూడకుండా నా చొక్కా చివర పట్టుకుంది. నా నుదుటి గీత ఆసాంతం రంపం పళ్ళలా ఉంది. ఆ రంపం ఏం కోస్తోందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

రంగారావు గారు మంచివారు. డాక్టరు కాగితం చదివి నన్ను స్టోర్సులో వేశారు. ఇనప జాలీ వెనక కూర్చుని చేతి తొడుగులు ఇచ్చే పని. వచ్చినవాళ్ళు జంతుప్రదర్శనశాలకు వచ్చినట్టే వచ్చేవారు. కిందున్నందుకు భద్రంగా ఉన్నాను. అంతకు మించి చెప్పుకోవడానికేమీ లేదు.

వైద్యం పేరు సీప్యాప్. ఒక చిన్న యంత్రం, ఒక గొట్టం, ముక్కుకు ఒక మాస్కు. గాలిని ఒత్తిడితో పంపి ఇరుకు దారిని తెరిచి ఉంచుతుంది. చెప్పడానికి ఇంతే. పెట్టుకుంటే, ఎవరో మన ముక్కులో టైరుకు గాలి కొడుతున్నట్టుంటుంది. మొదటి వారం నిద్రలోనే పీకి పారేశాను. రెండో వారం మెలకువలో పారేశాను. కరెంటు పోతే యంత్రం ఆగి, మాస్కులో ఊపిరాడక లేచి కూర్చునేవాణ్ణి. ఒకసారి పట్టీ హుక్కు చేతికి దొరక్క గదంతా తిరిగి గోడను గుద్దుకున్నాను. జబ్బేమో ఊపిరి ఆగడం, మందేమో ఊపిరాడకపోవడం. తప్పించుకునే దారే లేదనిపించింది.

నెల తర్వాత డాక్టరు గారు, "రోజూ పెట్టుకుంటున్నారా?" అన్నారు.

"తప్పకుండా."

యంత్రంలోంచి ఒక చిన్న కార్డు తీసి కంప్యూటరులో పెట్టారు. నేను ఎప్పుడు పెట్టుకున్నానో, ఎంతసేపటికి పీకేశానో, అన్నీ అందులో ఉన్నాయి. అంత చిన్న వస్తువు అంత పెద్ద చాడీలు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు.

"మీరు నాకు అబద్ధం చెబితే నాకేం నష్టం లేదు" అన్నారు. "నా నెత్తి మీదుగా మీరు ప్లేట్లు తిప్పరు."

ఆ ఒక్క వాక్యం సీప్యాప్ కన్నా ఎక్కువ ఒత్తిడితో లోపలికి వెళ్ళింది.

ఆవిడ రెండు పనులు చెప్పారు. ఒకటి, మీసం తీసెయ్యాలి, మాస్కు అంచు నుంచి గాలి కారుతోంది. రెండు, పడుకునేటప్పుడే కాదు, పగలు మెలకువగా కూర్చుని కొంచెం కొంచెం అలవాటు చేసుకోవాలి. మీసం తీసిన రోజు ఎర్రన్న వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "సెల్లెమ్మా, బావ లేడేటి ఇంట్లో?" అని నన్నే చూస్తూ సుభద్రను అడిగాడు.

ఆ రోజు నుంచి సాయంత్రాలు వరండాలో మాస్కు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఎర్రన్న ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ముక్కు మాస్కు పెట్టుకుని నోరు తెరిస్తే గాలంతా నోట్లోంచి తన్నుకొస్తుంది, మాట్లాడటం కుదరదు. పద్దెనిమిదేళ్ళలో ఎర్రన్న మాట్లాడుతుంటే నేను వినడం అదే మొదలు.

ఒక సాయంత్రం మాస్కు పీకేద్దామని పట్టీ మీద చెయ్యి వేశాను. ఎర్రన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండు బావా. ఒకపాలి నాను నీళ్ళలో ఉండగా వల కాలికి సుట్టీసుకున్నాది. తన్నినకొద్దీ బిగిసిపోతాది అది. మా అయ్య సెప్పినాడు, తన్నకురా, ఊరుకో, అదే ఒదులౌతాది, అప్పుడు యేలుతో తీసీమని. నువ్వు తన్నతన్నావు. ఊరుకో."

ఊరుకున్నాను. గాలి వస్తూనే ఉంది. అది నన్ను బిగించడం లేదు. పదిహేను నిమిషాలు గడిచేసరికి కూర్చునే నిద్రపోయాను. ఎర్రన్న లేపలేదట. ఏడాదిగా నన్ను లేపుతున్న మనిషి, సుభద్రకు నోటి మీద వేలు పెట్టి చూపించి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాడట.

అయిదో నెలలో, స్టోర్సులో నాకు నైటు షిఫ్టు పడ్డ వారం చూసుకుని ఇంకో ఆదివారం, మాస్కు పెట్టుకుని మళ్ళీ అదే గదిలో పడుకున్నాను. అవే వైర్లు, నుదుటికి అవే ఎర్ర పట్టీలు. సాయంత్రం తెర మీద చూస్తే నుదుటి గీత సాయంకాలం ఆటు మీదున్న సముద్రంలా పడుకుని ఉంది. "మెదడు గీతలో పెద్దగా కదలిక లేదు" అని డాక్టరు గారు సంతోషించారు. ఈ ముక్క మా లెక్చరర్ వినుంటే ఇరవై ఏళ్ళ కిందటే చెప్పానుగా అనేవారు. ఎర్రన్న గీత పక్కనే వేలు నడిపించుకుంటూ చివరిదాకా వెళ్ళి, "ఎక్కడా మునగనేదు" అన్నాడు. డాక్టరు గారు నవ్వారు. నా జోకుకు కాదు, అతని మాటకు.

కార్డు చాడీల్లో రెండు నెలలు మచ్చ లేకపోయాకే ఫిట్ కాగితం వచ్చింది. మొదట ఇసుక డ్రమ్ములతో, కింద మనుషులు లేకుండా పక్షం రోజులు నడిపించారు. తర్వాత ప్లేటు. ఆ రోజు నిచ్చెన ఎక్కే ముందు ఎర్రన్నతో ఒక ఒప్పందం చేసుకున్నాను.

"ఈలలు మూడే. నాలుగోది వేశావంటే నేను దిగిపోతాను. నేను తూగితే రంగారావు గారికి చెప్పు, నాకు కాదు."

"సెప్పేత్తాను" అన్నాడు. "నీ మీద జాలి ఒగ్గీసినాను బావా."

ప్లేటు లేచింది. నడిచింది. ఒక ఈల. ఆపాను. పైనుంచి చూస్తే ప్లేటు అంచుకూ ఎర్రన్న హెల్మెట్‌కూ మధ్య రెండు బారల నేల కనిపించింది. షెడ్డు నేల అంత అందంగా ఉంటుందని అప్పటిదాకా గమనించలేదు. నిచ్చెన దిగాను. ఎర్రన్న ఈల జేబులో పెట్టుకుంటూ, "టీ తాగుదారా" అన్నాడు.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. ఎర్రన్న రిటైరై ఊళ్ళో వలలు అల్లుతున్నాడు. నేనిప్పుడు కొత్త ఆపరేటర్లకు నేర్పుతున్నాను. సీప్యాప్ నయం చేసే వస్తువు కాదు, కళ్ళద్దాల్లాంటిది, పెట్టుకున్నంతసేపే పని చేస్తుంది. పెళ్ళిళ్ళకు వెళ్ళినా సంచీలో అదే ముందు. బరువు కొంత తగ్గాను, బీపీ మాత్ర ఒకటి తగ్గింది, మీసం మాత్రం తిరిగి రాలేదు. పట్టీ వదులైతే మాస్కు అంచు నుంచి సన్నగా ఈల వస్తుంది. వెంటనే మెలకువ వస్తుంది. చెయ్యి లీవరు కోసం వెళ్తుంది, పట్టీ దొరుకుతుంది, బిగించుకుని పడుకుంటాను.

మీకు చెప్పదలుచుకున్నది ఒక్కటే. పగలు ఆగని నిద్ర, గురక మధ్యలో ఊపిరి ఆగడం, ఇలాంటివి ఉండి డాక్టరు దగ్గరకు వెళ్తే రిపోర్టుల కవరు కన్నా ముందు మీ పక్కన పడుకునే మనిషినీ, మీ పక్కన పనిచేసే మనిషినీ తీసుకెళ్ళండి. మీరు నిద్రపోయినప్పుడు మీరక్కడ లేరు. ఉన్నది వాళ్ళు.